నున్నటి అంచు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా బిల్డింగులో పేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది పై అంతస్తు డ్రైవరమ్మ. ఆవిడ ఏ బండీ నడపదు, బస్సు నడిపేది ఆవిడ మొగుడు. ఇంటి స్టీరింగు మాత్రం ఆవిడ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆ పిలుపు ఆవిడకే స్థిరపడింది. ఆవిడ అన్నది అబద్ధమని నేననను. కంటికి కనిపించింది కడుపులో పెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

మాది అద్దాల కొట్టు. కింద కొట్టు, మొదటి అంతస్తులో మేము, ఆ పైన డ్రైవరు గారి కుటుంబం, ఇంకా పైన మరో మూడు కాపురాలు. కొట్టు మా మామగారిది. మా ఆయన బయట బిగింపు పనులు చూసుకుంటాడు, కొట్టులో కోత పని నాది. పెళ్ళయిన కొత్తలో కట్టర్ పట్టుకోవడం నేర్పింది మామగారే. ఆయనకు ఒక మొండి అలవాటు ఉంది. ఎంత చిన్న ముక్కయినా సరే, దాని అంచు రాయి మీద నూరి, బొటనవేలితో తడిమి చూసుకుని గానీ బయటికి పంపరు. అంచు నూరని అద్దం అమ్మితే కత్తి అమ్మినట్టే అంటారు. కొనడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి గొణుగుతున్నా ఆయన నూరుడు ఆయనదే.

భూకంపం పట్టపగలు వచ్చింది. అది ఆగేసరికి ఊళ్ళో నిలువెత్తు అద్దమన్నది ఒక్కటి మిగల్లేదు. మా వీధిలో సగం ఇళ్ళు కూలిపోయాయి. మిగిలిన సగంలో మాదొకటి. కొట్టులో సరుకంతా నేల మీద పరుచుకుని ఉంది, దాని మధ్య మేం ఒళ్ళు తడుముకుంటూ నిలబడ్డాం. మా పాప బల్ల కింద ఉంది. మామగారు పాప మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఆయన వీపులోంచి ముక్కలు తీయడానికి సాయంత్రం దాకా పట్టింది. తీస్తున్నంతసేపూ ఆయన ఆ ముక్కల్ని వెలుతురుకి పట్టుకుని, ఇది ఏ సైజు పలకదో చెబుతూనే ఉన్నారు.

తర్వాత ఊరు లేవడం మొదలుపెట్టింది. కోలుకుంటున్నాం, కోలుకుంటున్నాం అని రేడియోలో రోజూ చెప్పేవారు. కోలుకోవడమంటే జ్వరం తగ్గి పాత మనిషి లేచి కూర్చోవడమని నేననుకున్నాను. లేచింది వేరే మనిషి. సినిమా హాలు ఉన్నచోట ఏమీ కట్టకుండా ఖాళీగా వదిలేశారు, మళ్ళీ ఊగితే జనం పరిగెత్తడానికట. మార్కెట్ సందు ఫైరింజను పట్టేంత వెడల్పయింది. ఆ వెడల్పులో మా కుట్టుపని ఆవిడ ఇల్లు, చెప్పుల కొట్టు, మంగలి షాపు కలిసిపోయాయి. కొత్తగా లేస్తున్న ఇళ్ళకు పిచ్చుక దూరేంత కిటికీలు పెడుతున్నారు. అద్దమంటే ఊరికి భయం పట్టుకుంది. కొట్టుకు వచ్చేవాళ్ళు అద్దం ఉందా అని కాదు, దానికి అతికించే ప్లాస్టిక్ కాగితం ఉందా అని అడిగేవారు. "కళ్ళు మూసుకుని లేస్తోంది ఈ ఊరు" అని మామగారు విసుక్కునేవారు.

అసలు భయం మాత్రం అద్దం గురించి కాదు. కూలకుండా మిగిలిన ఇళ్ళకు ఇంజినీర్లు వచ్చి గుర్తులు వేస్తున్నారు. ఆకుపచ్చ వేస్తే స్తంభాలకు ఇనుము తొడిగి ఉండనిస్తారు. ఎరుపు వేస్తే ఖాళీ చేసి ఊరి చివర రేకుల కాలనీకి పోవాలి. మూడు నెలలే, కొత్త ఇల్లు కట్టి పిలుస్తాం అన్నారు. అలా వెళ్ళినవాళ్ళు రెండు వానాకాలాలు రేకుల కిందే చూశారు. వాళ్ళ జాగాల్లో కొత్త భవనాలు లేచాయి, అందులో ఎవరో ఉంటున్నారు. ఖాళీ చేసినవాడు తిరిగొచ్చిన దాఖలా మా వీధిలో లేదు.

మా బిల్డింగు మెట్ల గోడకు పెద్ద బీట వచ్చింది. కొట్టు వెనక మొదలై, మా తలుపు పక్కనుంచి పైకి పాకింది. గోడకు ఇవతల మెట్లు, అవతల మా పాప మంచం. ఇంజినీరమ్మ వచ్చి చాలాసేపు చూసింది. చిన్న వయసే, కానీ మనిషి నిదానం. బీట పాతబడి ఆగిపోయిందో, ఇంకా కదులుతోందో చూస్తే తెలియదంది. దానికి అడ్డంగా సన్నటి అద్దం ముక్క పెట్టి, రెండు చివరలా సిమెంటు ముద్దలతో బిగించింది. గోడ వెంట్రుకంత కదిలినా అద్దం విరిగిపోతుంది. విరక్కుండా వానాకాలం దాటితే ఆకుపచ్చ వేస్తానంది. అలాంటి ముక్కలకి సాక్షులని పేరట. ఊరంతటికీ కావలసిన సాక్షుల్ని మా కొట్టులోనే కొన్నారు. ఆ కట్టలన్నీ కోసింది నేనే. తొందరలో ఉన్నాం, అంచులు నూరక్కర్లేదన్నారు. మామగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆయన కోపానికి కారణం వారం తిరక్కుండానే కనిపించింది. మా పాపకు మెట్లు దిగేటప్పుడు గోడకు చెయ్యి రాసుకుంటూ దిగడం అలవాటు. సాక్షి అంచు తగిలి వేలు తెగింది. మామగారు కట్టు కడుతూ ఇంజినీరమ్మని, నన్ను, మా ఆయన్ని, ఊరినీ కలిపి తిట్టారు.

ఆ తర్వాత వానలు పడ్డాయి. అప్పుడప్పుడు చిన్న చిన్న ఊపులు వచ్చేవి, గ్లాసులో నీళ్ళు వణికేవి. అలా వణికినప్పుడల్లా బిల్డింగంతా మెట్ల మీదికి వచ్చి సాక్షిని చూసుకునేది. అది ఎప్పుడూ నిక్షేపంగా ఉండేది. డ్రైవరమ్మ దానికి కొంగుతో దుమ్ము తుడిచి వెళ్ళేది. నాక్కూడా ధైర్యం వచ్చింది. పరదాలకు బట్ట చూసి పెట్టుకున్నాను.

ఇంజినీరమ్మ వస్తానన్న రోజుకు ముందు సాయంత్రం, నీళ్ళ బిందె ఎత్తుకుని మెట్లెక్కుతుంటే కాలు జారింది. బిందె వదల్లేదు గానీ ఆసరాకి గోడ పట్టుకున్నాను. అరచెయ్యి నేరుగా సాక్షి మీద పడి జర్రున రాసుకుంది. తెగిందనుకుని చెయ్యి చూసుకున్నాను. గీత కూడా లేదు.

బిందె దించి, అంచు వెంట వేలు పెట్టి లాగాను. నున్నగా ఉంది. నాలుగు వైపులా నూరి, మూలలు కూడా మొద్దు చేసిన అంచు. నేను కోసి ఇచ్చిన కట్టల్లో నూరిన ముక్క ఒక్కటి లేదు. సిమెంటు ముద్దలు మాత్రం పాతవే, వాటి మీద ఇంజినీరమ్మ గీసిన తేదీ చెక్కుచెదరలేదు. పాత చట్రంలోంచి పగిలిన అద్దం తీసి కొత్తది దూర్చినట్టు, లోపలి ముక్కని మాత్రం తీసి ఇంకోటి పెట్టి, పుట్టీతో పూడ్చారు. అంత నాజూకుగా ఆ పని చేసే చెయ్యి మా ఇంట్లో ఒక్కటే ఉంది. బుర్ర పెట్టి దొంగతనం చేసిన మనిషి చేతి అలవాటు దగ్గర దొరికిపోయాడు.

మా ఆయన అన్నం తింటుంటే అడిగాను. తల ఎత్తలేదు. తెలుసన్నాడు. ఇంకెవరికి తెలుసంటే, డ్రైవరు గారే పక్కన నిలబడి టార్చి పట్టుకున్నారన్నాడు. డ్రైవరమ్మకి తెలుసు, పైవాళ్ళకి తెలుసు. బిల్డింగు మొత్తానికి తెలుసు, నాకు తప్ప. నీకు చెబితే మైకులో చెప్పినట్టే కదా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నోటి దురుసు గురించి నన్ను ఎవరేమన్నా నవ్వి ఊరుకునేదాన్ని, ఆ పూట మాత్రం నవ్వు రాలేదు. ఆ గోడ పక్కన పడుకునేది నా కూతురు. ఆ రాత్రి పాపని అవతలి గదిలో, గుమ్మం దగ్గర పడుకోబెట్టుకున్నాను.

పొద్దున కొట్టు తెరవగానే మామగారి ఎదురుగా కూర్చున్నాను. ఆయన రాయి తడుపుతున్నారు.

"సాక్షి ఎందుకు విరిగింది మామయ్యా?"

ఆయన తడబడలేదు. పైవాళ్ళు బీరువా దింపుతుంటే మూల తగిలి పగిలిందన్నారు. గోడ కదల్లేదన్నారు. పగిలింది అద్దమేగానీ గోడ కాదని, ఆ మాత్రం దానికి ఐదు కాపురాల్ని రేకుల్లోకి తోలేస్తారా అనీ అన్నారు.

"మరి అంచు ఎందుకు నూరారు?"

ఆ ప్రశ్న ఆయన ఊహించలేదు. రాయి మీద చెయ్యి ఆగింది. "పిల్ల చెయ్యి రాసుకుంటూ దిగుతుంది కదమ్మా" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "వేలు తెగకుండా చూశారు. రేపు గోడే పడితే దేన్ని నూరుతారు?"

 ఆయన అడిగారు, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "ఖాళీ చేసి వెళ్ళినవాడు ఎవడైనా తిరిగొచ్చాడా? ఒక్కడి పేరు చెప్పు. కొట్టు ఇక్కడ, మనం అక్కడ. రేకులకి అద్దాలు బిగిస్తానా నేను?"

 ముందు నుయ్యి, వెనక గొయ్యి. బీరువా సంగతి నిజమే కావచ్చు కదా అనిపించింది. అనిపించిందో, అనిపించుకున్నానో. ఆకుపచ్చ పడితే ఇనుము తొడుగుతారు, అప్పుడు గోడ ఎలాగూ గట్టిపడుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. బతుకులో మొదటిసారి నోరు మూసుకుందామని నిర్ణయించుకున్నాను. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఇంజినీరమ్మ పదింటికల్లా వచ్చింది. వెంట రంగు డబ్బా మోసుకుంటూ ఒక మనిషి. బిల్డింగంతా మెట్ల మీద బారు తీరి ఉంది. మామగారు అందరికంటే ముందు వచ్చి, సాక్షి కింది చివర దగ్గర గోడకు చెయ్యి ఆనించుకుని నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పులవల్ల కాబోలనుకున్నాను. ఆమె టార్చి వేసి అద్దం చూసింది, సిమెంటు మీద తేదీ చూసింది, బీట పొడవునా పైకి వెళ్ళి వచ్చింది. మెల్లగా నవ్వింది. మీరు అదృష్టవంతులు, ఈ వీధిలో చాలావాటికి ఎరుపే వేయాల్సి వచ్చింది అంది. ఆకుపచ్చ డబ్బా మూత తీయమని వెంట వచ్చిన మనిషికి చెప్పింది.

అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. నా వెనక మెట్టు మీద ఉన్న డ్రైవరు గారు మా ఆయన చెవిలో అన్నారు. "అమ్మయ్య. మూడోది నిలబడింది తమ్ముడూ."

మూడోది. ఒక బీరువా ఒక అద్దాన్ని పగలగొడుతుంది. మూడోదంటే ముందు రెండు పగిలాయి. ఒకేచోట రెండుసార్లు తగిలే బీరువా ఎక్కడా ఉండదు. నేను మామగారి మొహం చూశాను. ఆయన నన్ను చూడలేదు.

"మేడమ్, అది మీరు పెట్టిన అద్దం కాదు" అన్నాను.

కుంచె అప్పటికే రంగులో ముంచారు. ఇంజినీరమ్మ ఏమన్నారని అడిగింది. మళ్ళీ చెప్పాను. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డ్రైవరమ్మ మొహం పాలిపోయి, నాకు మతి చలించిందని, రాత్రంతా నిద్ర లేదని ఏదో చెప్పబోయింది. ఎవరు మార్చారని ఇంజినీరమ్మ నన్ను అడిగింది. నేను పేరు చెప్పలేదు. అంతవరకే నాకు నోరు పెగిలింది.

"నేనే" అన్నారు మామగారు.

అని, చెయ్యి తీయకుండానే, గోటితో పుట్టీ గీకి, సాక్షిని ఊడబెరికారు. అది ఆయన చేతిలో రెండు ముక్కలైంది. ఆ రెండింటినీ ఇంజినీరమ్మకి ఇవ్వకుండా చొక్కా జేబులో వేసుకున్నారు. ఆమె కోప్పడలేదు. ఎన్నిసార్లు మార్చారని మాత్రం అడిగింది. డ్రైవరు గారి వైపు ఒకసారి చూసి, రెండుసార్లన్నారు మామగారు.  ఆకుపచ్చ డబ్బా మూత వేయించింది. ఎర్రరంగు ఆ రోజు తెచ్చుకోలేదు. దానికోసం మనిషిని పంపి, ఆ మనిషి తిరిగి వచ్చేదాకా మా మెట్ల మీదే కూర్చుంది. ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నేనే ఇచ్చాను.

ఇంటిగుట్టు లంకకు చేటని సామాన్లు దింపుతున్నంతసేపూ డ్రైవరమ్మ నాకు వినబడేలా అంటూనే ఉంది. మా ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మామగారు అవీ మాట్లాడలేదు. రాయిని ఒళ్ళో పెట్టుకుని లారీలో వెనక కూర్చున్నారు. కొట్టులోని పెద్ద బల్ల లారీలో పట్టక వదిలేశాం.

రేకుల కాలనీలో మాకు రెండు గదులు, పక్క వరసలోనే డ్రైవరు గారికి రెండు. వాన పడితే మాట వినబడదు. ఒక రకంగా అదే నయం, మాట్లాడుకోనివాళ్ళకి. మామగారు గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్ళని చూస్తూ ఉండేవారు. ఆ కాలనీలో ఒక్క కిటికీకీ అద్దం లేదు. మేం కూడా మొహం చూసుకునే అద్దం ఒక్కటే తెచ్చుకున్నాం.

బిల్డింగు కూలగొడుతున్నారని తెలిసి అందరం చూడ్డానికి వెళ్ళాం. ఒక్క దెబ్బకి పడిపోతుందని, పడితే నా మీద మోపిన నేరం కూడా దాంతోపాటు పడిపోతుందని లోపల ఆశపడ్డాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా ఇల్లు పేకమేడలా కూలాలని కోరుకున్నాను. కూలలేదు. యంత్రం పొద్దుటి నుంచీ కొడుతూనే ఉంది. స్తంభం విరిగితే గోడ నిలబడింది, గోడ విరిగితే కప్పు వేలాడింది. మా పాప మంచం పక్కగోడ, పసుపు రంగుది, మధ్యాహ్నం దాకా మొండిగా నిలబడే ఉంది.

డ్రైవరమ్మ నా పక్కకి వచ్చింది. అరవలేదు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "చూశావా చెల్లీ, ఎంత గట్టి ఇల్లో. యంత్రానికే లొంగట్లేదు. నీ నోటికి లొంగిపోయింది" అంది.

 ఏమో, నిజంగా గట్టిదేనేమో. నిజంగా బీరువాలే తగిలాయేమో. ఐదు కాపురాల బతుకు నా భయానికి బలైపోయిందేమో. ఆ గోడ వైపు చూడలేక తిరిగి వచ్చేసి బస్టాపులో కూర్చున్నాను. కాసేపటికి మామగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఖాళీ చేశాక మేమిద్దరం అలా కూర్చోవడం అదే మొదలు.

ఆయన జేబులోంచి ఆ రెండు ముక్కలూ తీశారు. ఇన్నాళ్ళూ దాచుకున్నారని నాకు తెలియదు. ఒక దానికి ఒకటి ఆనించి నా చేతిలో పెట్టారు.

"ఇది నేను పీకినప్పుడు విరగలేదమ్మా" అన్నారు. "అప్పటికే విరిగి ఉంది. ఆ రోజు నీతో మాట్లాడి మెట్లెక్కుతుంటే చూశాను. ఇంకోటి నూరి పెట్టే టైము లేదు. అందుకే చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను."

బీరువాలు ఏమీ లేవన్నారు. డ్రైవరుకి తెలిసినవి మూడు అద్దాలేనని, అతను డ్యూటీలో ఉన్నప్పుడు ఇంకా మార్చారని, చివర్లో ఒక్కోటి వారం కూడా ఆగేది కాదని చెప్పారు. నూరుతున్నప్పుడల్లా ఇదొక్కటి ఆగితే చాలనుకునేవారట.

బస్సు వచ్చింది. మేం ఎక్కలేదు. అది వెళ్ళిపోయాక అడిగాను. "నేను నోరు తెరవకపోతే, రంగు వేసేలోపల చెయ్యి తీసేవారా మామయ్యా?"

ఆయన నా చేతిలోని ముక్క అంచుని బొటనవేలితో తడిమారు. "తీసేవాణ్ణనే అనుకుంటున్నా" అన్నారు. ఇంకాసేపటికి, "తెలీదమ్మా" అన్నారు.

మర్నాడు పొద్దున గరగరమని చప్పుడవుతుంటే బయటికి వచ్చాను. మామగారు వరండాలో గొంతుక్కూర్చుని, గది మూల దగ్గర రేకు అంచుని ఆకురాయితో నూరుతున్నారు. నూరి, బొటనవేలితో తడిమి, మళ్ళీ నూరుతున్నారు. పాప గోడకు చెయ్యి రాసుకుంటూ అటూ ఇటూ పరిగెడుతోంది.

కుళాయి దగ్గర డ్రైవరమ్మ కొత్తగా వచ్చిన కాపురంవాళ్ళకి నా గురించి చెబుతోంది. గట్టి ఇల్లు, ఆకుపచ్చ డబ్బా, నువ్వుగింజ, అన్నీ చెబుతోంది. నేను ఒక్క మాట అంటే చాలు, ఆవిడ నోరు జన్మలో లేవదు. అప్పుడు ఈ వరసల్లో అందరూ, విరిగిన గోడ పక్కన మనవరాలిని పడుకోబెట్టి అద్దానికి చెయ్యి అడ్డం పెట్టిన ముసలాయన్ని చూడ్డానికి వస్తారు. నాకు ఆయన మీద కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోను. బిందె నిండేదాకా నిలబడి, ఎత్తుకుని వచ్చేశాను. నా నోట్లో నువ్వుగింజ ఇంకా నానుతూనే ఉంది.